వెరికోస్ వెయిన్స్‌కి ఇంజెక్షన్ వైద్యం: స్కాన్ నుంచి స్టాకింగ్స్ దాకా

పిక్కల మీద నరాలు ఉబ్బి వంకర్లు తిరిగాయనో, తొడల మీద సాలెగూడులా ఎర్రటి, నీలం గీతలు వచ్చాయనో డాక్టరు దగ్గరికి వెళ్ళినవాళ్ళకు తరచుగా వినిపించే మాట: "ఇంజెక్షన్ ఇస్తే పోతాయి." చాలామందికి నిజంగానే పోతాయి. స్క్లెరోథెరపీ అనే ఈ వైద్యంలో కోత ఉండదు, పూర్తి మత్తు ఉండదు, నడుచుకుంటూ వెళ్ళి నడుచుకుంటూ ఇంటికి వస్తారు. అయినా ఏడాది తిరక్కుండా మళ్ళీ వచ్చాయని బాధపడేవాళ్ళూ, కాలి మీద గోధుమరంగు మచ్చ మిగిలిందని దిగులుపడేవాళ్ళూ ఉన్నారు. అలాంటి చోట తప్పు చాలావరకు మందుది కాదు. సూది పడకముందు సరైన స్కాన్ తీయకపోవడం, సూది పడ్డాక తీసుకోవాల్సిన జాగ్రత్తలు ఎవరూ చెప్పకపోవడం. అందుకే ఏ మందు మంచిదన్న ప్రశ్నతో కాకుండా, జరగాల్సిన వరుసలోనే చెప్తాను.

1. ముందు మీకున్నవి ఏ రకమో చూసుకోండి

కాసేపు నిలబడి, మంచి వెలుతురులో కాళ్ళు చూసుకోండి. మిల్లీమీటరు కంటే సన్నగా, చర్మంలో గీసినట్టు ఎర్రగా, ఊదాగా కనిపించేవి స్పైడర్ వెయిన్స్. 1 నుంచి 3 మిల్లీమీటర్ల లావుతో, ఉబ్బకుండా, నీలంగా, ఆకుపచ్చగా పారాడేవి రెటిక్యులర్ వెయిన్స్. 3 మిల్లీమీటర్లు దాటి, నిలబడితే ఉబ్బి, పడుకుంటే తగ్గిపోయేవి వెరికోస్ వెయిన్స్. డాక్టర్లు రిపోర్టులో మొదటి రెండు రకాలను సి1 అని, మూడోదాన్ని సి2 అని రాస్తారు. కాలు వాస్తే సి3, చీలమండ పైన చర్మం నల్లబడితే సి4, పుండు పడి మానితే సి5, పుండు ఇంకా ఉంటే సి6.

సిరల్లో రక్తం పైకి, గుండెవైపు వెళ్ళాలి. అది కిందికి జారకుండా లోపల చిన్న కవాటాలు ఉంటాయి. అవి సరిగ్గా మూసుకోకపోతే రక్తం వెనక్కి జారి, సిర సాగి, ఉబ్బుతుంది. వంశపారంపర్యం, గర్భాలు, బరువు, వయసు ఇందుకు కారణాలు. చీరల షాపులో రోజంతా నిలబడేవాళ్ళు, ట్రాఫిక్ కానిస్టేబుళ్ళు, టీచర్లు, వంటమేస్త్రీలు, క్షురకులు ఈ సమస్యతో ఎక్కువగా రావడానికి కారణం కూడా అదే: గంటల తరబడి కదలకుండా నిలబడితే పిక్క కండరం రక్తాన్ని పైకి తొయ్యదు.

స్పైడర్ వెయిన్స్ మాత్రమే ఉండి, నొప్పి, వాపు లేకపోతే వైద్యం తప్పనిసరి కాదు. అందం కోసం చేయించుకుంటే తప్పేమీ లేదు, కానీ భయపడి మాత్రం చేయించుకోవద్దు. చీలమండ దగ్గర చర్మం నల్లబడడం, దురద, గట్టిపడడం మొదలైతే మాత్రం వాయిదా వెయ్యొద్దు.

2. నిలబెట్టి తీసే డాప్లర్ స్కాన్

ఈ మొత్తంలో నేను గట్టిగా పట్టుబట్టేది ఈ ఒక్క మెట్టు గురించే. ఉబ్బిన సిరలు ఉన్న ఎవరికైనా, లేదా స్పైడర్ వెయిన్స్‌తో పాటు కాలి బరువు, వాపు ఉన్నవాళ్ళకు, సూది వేసేముందు కాళ్ళకు వీనస్ డాప్లర్, అంటే సిరల్లో రక్తం ఎటు పారుతోందో చూపే అల్ట్రాసౌండ్ స్కాన్, తీయాలి. అది మిమ్మల్ని నిలబెట్టి తీయాలి. పడుకోబెడితే రక్తం వెనక్కి జారడం సరిగ్గా తెలియదు. స్కాన్ చేసేవాళ్ళు పిక్కను నొక్కి వదిలి, రక్తం ఎంతసేపు వెనక్కి జారుతోందో చూస్తారు. చర్మం కిందే ఉండే పైసిరల్లో అర సెకను దాటితే దాన్ని రిఫ్లక్స్ అంటారు.

రిపోర్టు చేతికి వచ్చాక మూడు విషయాలు వెతకండి. పాదం నుంచి గజ్జల దాకా వెళ్ళే పెద్ద సఫీనస్ సిరలో రిఫ్లక్స్ ఉందా? మోకాలి వెనక ఉండే చిన్న సఫీనస్ సిరలో ఉందా? లోపలి సిరల్లో పాత గడ్డలు గానీ, కొత్త గడ్డలు గానీ ఉన్నాయా? ఈ మూడూ రాయని రిపోర్టు ఇంజెక్షన్ నిర్ణయానికి సరిపోదు, మళ్ళీ అడగండి.

పెద్ద సఫీనస్‌లో రిఫ్లక్స్ ఉండగా కింద పిక్క మీది సిరలకు మాత్రమే సూదులు వేస్తే, పైనుంచి ఒత్తిడి అలాగే ఉంటుంది. కొన్ని నెలలు బాగుండి మళ్ళీ ఉబ్బుతాయి. "ఇంజెక్షన్లు పనిచెయ్యవు" అని పేరు పడడానికి పెద్ద కారణం ఇదే. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ వరుసను స్పష్టంగా చెప్పాయి: అలాంటి ప్రధాన సిరకు మొదట లేజర్ లేదా రేడియో ఫ్రీక్వెన్సీతో లోపలినుంచి మూసే పద్ధతి, అది కుదరకపోతే స్కాన్ చూస్తూ ఇచ్చే ఫోమ్ (నురుగు చేసిన మందు) ఇంజెక్షన్, అదీ కుదరకపోతే ఆపరేషన్. మూలం మూశాక మిగిలిన చిన్న సిరలకు ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది.

ఈ పని తెలిసినవాళ్ళు వాస్క్యులర్ సర్జన్లు, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టులు. సన్నని స్పైడర్ వెయిన్స్‌కు ఈ పనిలో శిక్షణ ఉన్న చర్మవైద్యులు కూడా చేస్తారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరో, బ్యూటీ పార్లర్‌కు అనుబంధంగా ఉన్న క్లినిక్‌లోనో వేయించుకోవద్దు. చాలా అరుదుగానే అయినా ఈ మందులకు ప్రాణం మీదికి వచ్చే అలర్జీ రావచ్చు. అడ్రినలిన్, ఆక్సిజన్, వాటిని వాడడం తెలిసిన మనిషి ఆ గదిలో ఉండాలి.

3. ఇప్పుడు చేయించుకోవచ్చా, ఆగాలా?

గర్భంతో ఉంటే ఆగండి. అప్పుడు వచ్చిన సిరల్లో చాలావరకు కాన్పు తర్వాత కొన్ని నెలల్లో వాటంతటవే తగ్గుతాయి. పాలిచ్చే తల్లులు కూడా వాయిదా వేసుకోవడమే మేలు. కాలి సిరల్లో ఇప్పుడు గడ్డ ఉన్నా, మంచం మీద నుంచి లేవలేని స్థితి ఉన్నా, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నా, ఇంతకుముందు ఈ మందుకు అలర్జీ వచ్చి ఉన్నా ఇవ్వకూడదు. కాళ్ళకు వెళ్ళే ధమనుల్లో రక్తప్రసారం బాగా తగ్గినవాళ్ళకు కూడా ఇది సరిపడదు. షుగర్ అదుపులో లేనివాళ్ళు ముందు దాన్ని అదుపులోకి తెచ్చుకోవాలి.

వీటిని డాక్టరు అడక్కపోయినా మీరే చెప్పండి: గర్భనిరోధక మాత్రలు లేదా హార్మోన్ మాత్రలు వాడుతున్నారా, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిందా, కళ్ళముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉందా, గుండెలో రంధ్రం ఉందని ఎప్పుడైనా చెప్పారా, ఉబ్బసం ఉందా. రక్తం పలచబడే మందులు వాడుతుంటే చెప్పండి, కానీ మీ అంతట మీరు ఆపొద్దు.

కాలం కూడా చూసుకోండి. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో తొడల దాకా బిగుతు స్టాకింగ్స్ వేసుకుని ఉండడం చాలా కష్టం. చాలామంది రెండో రోజే తీసేస్తారు. తొందర లేకపోతే కార్తీకం నుంచి మాఘం లోపు పెట్టుకోండి. ఇంట్లో పెళ్ళి ఉంటే కనీసం మూడు, నాలుగు నెలల ముందే పూర్తి చేసుకోండి, ఎందుకంటే మచ్చలు తగ్గడానికి టైమ్ పడుతుంది.

అమెరికా నుంచో, గల్ఫ్ నుంచో సెలవులకు వచ్చి ఇక్కడ చేయించుకుని వెళ్ళిపోదామనుకునేవాళ్ళకు ఒక మాట. పెద్ద సిరలకు ఫోమ్ వేయించుకున్నాక సుదూర విమానప్రయాణానికి దాదాపు నెల ఆగమని చాలామంది డాక్టర్లు చెప్తారు. కాబట్టి సెలవు మొదట్లోనే చేయించుకోండి, చివరి వారంలో వద్దు.

4. సీసాలో ఏముందో తెలుసుకోండి

ఈ మందులన్నిటి పని ఒకటే: సిర లోపలి పొరను కావాలని దెబ్బతీయడం. దెబ్బతిన్న గోడలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, సిర గట్టిపడి మూసుకుపోతుంది, నెలల్లో శరీరం దాన్ని కరిగించేసుకుంటుంది. రక్తం పక్కనున్న మంచి సిరల్లోకి మళ్ళుతుంది. ఆ సిర పోతే కాలికి లోటు వస్తుందేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. అది అప్పటికే పని చెయ్యడం మానేసిన సిర.

ఎక్కువగా వాడేవి రెండు. మొదటిది పాలిడోకనాల్. దీన్ని మొదట తయారుచేసింది తిమ్మిరి మందుగా, అందుకే సూది నొప్పి, మంట తక్కువ. అమెరికాలో దీనికి 2010లో అనుమతి వచ్చింది. అక్కడి లేబుల్ ప్రకారం స్పైడర్ వెయిన్స్‌కు 0.5 శాతం, రెటిక్యులర్ వెయిన్స్‌కు 1 శాతం, ఒక్కో పోటుకు 0.1 నుంచి 0.3 మిల్లీలీటర్లు, ఒక సిట్టింగ్‌లో మొత్తం 10 మిల్లీలీటర్లు దాటకూడదు. పెద్ద సిరలకు 2, 3 శాతం కూడా వాడతారు. యూరప్‌లో పాటించే పరిమితి రోజుకు కిలో శరీర బరువుకు 2 మిల్లీగ్రాములు. అంటే 60 కిలోల మనిషికి 120 మిల్లీగ్రాములు. 0.5 శాతం మందులో మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటాయి కాబట్టి అది 24 మిల్లీలీటర్లతో సమానం. అదే 3 శాతమైతే 4 మిల్లీలీటర్లకే పరిమితి నిండిపోతుంది. శాతం చూడకుండా "ఎన్ని సీసాలు" అని మాత్రమే అడిగితే లాభం లేదని ఈ లెక్క చెప్తుంది.

రెండోది సోడియం టెట్రాడెసిల్ సల్ఫేట్, పొట్టిగా ఎస్‌టీఎస్. అమెరికాలో 1946 నుంచి ఉంది. 1, 3 శాతాల్లో దొరుకుతుంది, సన్నని సిరలకు పలుచన చేసి వాడతారు. పాలిడోకనాల్ కంటే ఘాటైనది. ఉబ్బిన లావు సిరల మీద బాగా పనిచేస్తుంది, కానీ సిర బయటికి కారితే చర్మం పుండు పడే అవకాశం దీనితో ఎక్కువ. ఈ రెండూ సబ్బు తరగతి రసాయనాలే, అందుకే గాలితో కలిపి చిలికితే నురుగు వస్తుంది.

చిక్కటి ఉప్పునీరు, అంటే 23.4 శాతం సెలైన్, కొన్నిచోట్ల ఇంకా వాడుతున్నారు. అలర్జీ రాదన్నది దాని మంచిగుణం. కానీ మంట, కండరాలు పట్టేయడం, కారితే పుండు. పాలిడోకనాల్ దొరుకుతున్నప్పుడు దీన్ని ఎంచుకోవడానికి నాకైతే కారణం కనిపించదు.

ఇక ద్రవమా, ఫోమా అన్నది సిర లావును బట్టి ఉంటుంది. సన్నని గీతలకు ద్రవం సరిపోతుంది. లావు సిరలో ద్రవం రక్తంలో కలిసి పలచబడిపోతుంది. ఫోమ్ రక్తాన్ని పక్కకు నెట్టి, గోడను ఎక్కువసేపు తాకి ఉంటుంది. పైగా స్కాన్‌లో తెల్లగా స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి ఎక్కడికి వెళ్తోందో డాక్టరుకు తెలుస్తుంది. ఇటలీ వైద్యుడు టెస్సారి పేరుతో వాడుకలో ఉన్న పద్ధతిలో రెండు సిరంజీలను త్రీవే అనే చిన్న మూడు దారుల గొట్టంతో కలిపి, ఒక వంతు మందు, నాలుగు వంతుల గాలి అటూ ఇటూ తోస్తే నురుగు తయారవుతుంది. ఇలా తయారైన ఫోమ్ ఒక సిట్టింగ్‌లో 10 మిల్లీలీటర్లకు మించకుండా చూస్తారు. అమెరికాలో 2013లో అనుమతి పొందిన వారిథీనా అనే రెడీమేడ్ ఫోమ్‌లో మామూలు గాలి బదులు ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఉంటాయి, ఆ బుడగలు రక్తంలో త్వరగా కరుగుతాయి. ప్రతి నలుగురిలో దాదాపు ఒకరికి గుండె గదుల మధ్య పుట్టుకతో ఉండే చిన్న సందు పూర్తిగా మూసుకోదు. ఫోమ్ తర్వాత కొందరికి కాసేపు చూపు మసకబారడం, తలనొప్పి రావడం దీనితో ముడిపడినవే కావచ్చు. మైగ్రేన్ సంగతి ముందే చెప్పమన్నది అందుకే.

సిట్టింగ్‌కు ముందు ఈ నాలుగు అడిగి, ఒక కాగితం మీద రాసుకోండి: మందు పేరేమిటి, ఎంత శాతం, ద్రవమా ఫోమా, సూది ఎవరు వేస్తారు. అడిగితే సీసా చూపించడానికి ఏ మంచి డాక్టరూ విసుక్కోరు.

5. స్టాకింగ్స్ ముందే కొనండి

సూది వేయించుకుని బయటికి వచ్చాక మెడికల్ షాపులో వెతుక్కునే వస్తువు కాదిది. పొద్దున్నే, కాళ్ళు వాయకముందు చీలమండ, పిక్క, తొడ కొలతలు తీయించి కొనండి. బిగుతును బట్టి వీటిని క్లాసులుగా విడదీస్తారు, సాధారణంగా క్లాస్ 2 రాస్తారు. తొడ దాకానా, మోకాలి దాకానా అన్నది ఏ సిరకు సూది వేస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇంట్లో ఒకటి రెండుసార్లు వేసుకుని చూడండి. గిన్నెలు తోముకునే రబ్బరు గ్లౌజులు తొడుక్కుని లాగితే సులువుగా ఎక్కుతుంది. పట్టీలు, మెట్టెలు తీసేయండి, దారం చిక్కి చిరుగుతుంది. పైన అంచు ఎప్పుడూ మడవొద్దు, ఆ మడత దగ్గర పట్టేసి రక్తప్రసారం తగ్గుతుంది.

6. ఆ రోజు

పరగడుపున వెళ్ళాల్సిన పనిలేదు, టిఫిన్ తినే వెళ్ళండి. కాళ్ళకు నూనె, క్రీము, పసుపు ఏమీ రాయొద్దు. ఆ రోజు కాళ్ళ వెంట్రుకలు గీసుకోవద్దు. వదులు పైజామా గానీ, లుంగీ గానీ వేసుకోండి. ఎవరినైనా వెంట తీసుకెళ్ళండి, బండి మీరు నడపొద్దు. ముందే ఫోన్‌తో కాళ్ళ ఫోటోలు తీసుకోండి. మూడు నెలల తర్వాత పోల్చి చూసుకోవడానికి అదొక్కటే సాక్ష్యం.

మిమ్మల్ని పడుకోబెట్టి, చాలా సన్నని సూదితో ఒక్కో చోట కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. పెద్ద సిరలకైతే స్కాన్ ప్రోబు పెట్టి చూస్తూ ఇస్తారు. చీమ కుట్టినట్టు ఉంటుంది. కానీ ఒక్కసారిగా భరించలేని నొప్పి పుట్టినా, ఆ చుట్టూ చర్మం తెల్లబారినా ఓర్చుకోవద్దు, వెంటనే గట్టిగా చెప్పండి. మందు సిర బయటికి కారిందనో, చిన్న ధమనిలోకి వెళ్ళిందనో దానికి అర్థం కావచ్చు, వెంటనే ఆపాలి. ఊపిరి ఆడకపోయినా, ఒళ్ళంతా దురద వచ్చినా, చూపు తేడాగా ఉన్నా అంతే.

అయిపోగానే స్టాకింగ్స్ వేసి, 15, 20 నిమిషాలు అక్కడే నడవమంటారు. నడవండి. నడిస్తే లోపలి సిరల్లో రక్తం కదిలి గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది. ఆ కాసేపు క్లినిక్‌లోనే ఉంటారు కాబట్టి అలర్జీ వస్తే వెంటనే తెలుస్తుంది కూడా.

7. తర్వాతి రెండు వారాలు

స్పైడర్ వెయిన్స్‌కు 2, 3 రోజులు, రెటిక్యులర్ వాటికి 5 నుంచి 7 రోజులు స్టాకింగ్స్ ఉండాలని పాలిడోకనాల్ లేబుల్ చెప్తుంది. లావు సిరలకు ఇంకా ఎక్కువ రోజులు చెప్తారు. మొదటి రాత్రి తీయాలా వద్దా అన్నది డాక్టరును స్పష్టంగా అడిగి రండి, ఇంటికి వచ్చాక అందరికీ వచ్చే సందేహం అదే. వేళ్ళు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా తీసేసి ఫోన్ చెయ్యండి.

రోజూ నడవండి, మామూలు ఇంటిపని చేసుకోండి. జిమ్‌లో బరువులు, పరుగు, మరీ వేడినీళ్ళ స్నానం, ఎండలో తిరగడం కొన్ని రోజులు మానండి. కాళ్ళకు నూనెతో మర్దన అసలొద్దు. గట్టిగా తగిలిందని పెద్దవాళ్ళు ఆప్యాయంగా పిసకబోతారు, వద్దని చెప్పండి. మంచం మీద పడుకుని ఉండిపోవడం కూడా మంచిది కాదు, ఈ వైద్యంలో విశ్రాంతి కంటే నడకే మందు.

8. ఏది మామూలు, ఏది ప్రమాదం

సూది పడ్డచోట ఎరుపు, దురద, కమిలిన నీలం మచ్చలు కొన్ని రోజుల్లో తగ్గుతాయి. సిర దారిలో గట్టిగా తాడులా తగిలి, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే లోపల రక్తం చిక్కుకుందని అర్థం. రెండు వారాలప్పుడు చూపించుకుంటే చిన్న సూదితో ఆ నల్లరక్తం తీసేస్తారు. నొప్పి వెంటనే తగ్గుతుంది, మచ్చ పడే అవకాశం కూడా తగ్గుతుంది. ఈ చిన్న పని కోసం చాలామంది తిరిగి వెళ్ళరు, వెళ్ళండి.

గోధుమరంగు మచ్చ, రక్తంలోని ఇనుము చర్మంలో మిగలడం వల్ల వస్తుంది. మన ఛాయలో కాస్త ఎక్కువగానే కనిపిస్తుంది. చాలావరకు 6 నుంచి 12 నెలల్లో వెలిసిపోతుంది. కొందరికి సూది వేసిన చుట్టూ కొత్తగా సన్నని ఎర్రటి గీతలు వస్తాయి, అవి కూడా చాలామందికి నెలల్లో తగ్గుతాయి. వాటి మీద వెంటనే మళ్ళీ సూదులు వేయించుకోవద్దు.

పిక్క మొత్తం వాచి బిగుసుకుని నొప్పి పెడితే లోపలి సిరలో గడ్డ కావచ్చు, అదే రోజు స్కాన్ చేయించాలి. ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడడం, ఒక వైపు చెయ్యి కాలు పట్టు తప్పడం ఉంటే క్లినిక్‌కు ఫోన్ చేసి ఆగొద్దు, 108కి చెయ్యండి. ఇవి చాలా అరుదు. తెలిసి ఉంటే ఆలస్యం జరగదు.

9. డబ్బు, తర్వాతి సిట్టింగులు

ఒకే ఇంజెక్షన్‌తో జీవితాంతం మాయం అనే ప్రకటనలు నమ్మొద్దు. స్పైడర్ వెయిన్స్ వెలిసిపోవడానికి 3 నుంచి 6 వారాలు, లావు వాటికి 3, 4 నెలలు పడుతుంది. సాధారణంగా రెండు, మూడు సిట్టింగులు కావాలి. మూసిన సిర మళ్ళీ తెరుచుకోవచ్చు, వేరేచోట కొత్తవి కూడా రావచ్చు. కాబట్టి ప్యాకేజీ మాట్లాడుకునేటప్పుడు ధర సిట్టింగ్‌కా, సీసాకా, రెండు కాళ్ళకూ కలిపా, తర్వాతి స్కాన్ అందులో ఉందా అని అడగండి.

అందం కోసం చేసే వైద్యానికి ఇన్సూరెన్స్ డబ్బు ఇవ్వదు, స్పైడర్ వెయిన్స్ దాదాపు ఎప్పుడూ అందులోకే వస్తాయి. వెరికోస్ వెయిన్స్‌కు చాలా పాలసీల్లో రెండేళ్ళ వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. నొప్పి, వాపు, చర్మం మార్పులు, డాప్లర్‌లో రిఫ్లక్స్ ఉన్నట్టు డాక్టరు కాగితం మీద రాసి ఉంటేనే క్లెయిమ్ నిలబడుతుంది.

మూడు నెలలకు పాత ఫోటోలు పక్కన పెట్టి చూసుకోండి. రెండు సిట్టింగుల తర్వాత కూడా అదే చోట సిర మళ్ళీ ఉబ్బుతుంటే మూడో సూదికి ఒప్పుకోకండి. ముందు మళ్ళీ నిలబెట్టి డాప్లర్ తీయమనండి, వేరే డాక్టరు చేత చదివించినా సరే.